బుల్లయ్య పక్క సీటు

టీ ఇంకా చల్లారలేదు. మోల్డు బాక్సు మీద దాలయ్య చిన్నాన్న పెట్టి వెళ్లిన స్టీలు గ్లాసు, అందులో మీగడ కట్టి ముడతలు పడిన టీ, ఆ ముడతల పక్కనుంచి ఉండీ ఉడిగీ లేచే ఆవిరి – వాసవి ఒక ఖాళీ బాక్సు బోర్లించుకుని కూర్చుని అదే చూస్తోంది. వేరే పని లేక కాదు. ఆఫీసు గదిలో ఫోను మోగి మోగి ఊరుకుంది, హథ్‌ఖోజ్ రోడ్డు మీద లారీవాడెవడో హారను మీద చెయ్యి పెట్టి తీయడం మరిచిపోయాడు, పక్క షెడ్డులో గ్రైండరు పళ్లు నూరుతోంది. అయినా ఆమె లేవలేదు. దాలయ్యకి గడియారం పట్టదు. స్టీలు ప్లాంటు ఫౌండ్రీ షాపులో కొలువు చేసినన్నాళ్లూ చార్టులు చూసి చూసి విసిగి, రిటైరై వాసవి వాళ్ల ఈ పోత షెడ్డుకొచ్చాక పోత పోసిన మర్నాడు బాక్సు మీద టీ గ్లాసు పెట్టడం మొదలుపెట్టాడు. టీ మామూలుగా చల్లారితే బాక్సు తెరవచ్చు. చల్లారకుండా వేడివేడిగా కూర్చుందంటే లోపల ఇనుము ఇంకా పచ్చిగానే ఉందన్నమాట. తొందరపడి తెరిస్తే బయటి గాలి తగిలి పగిలి ఊరుకుంటుంది. పచ్చి బాలింతని గాలికి పెడతామేటి అంటాడు. పొద్దున పెట్టిన గ్లాసు మరిగినంత పని చేసింది, దాన్ని ఊదుకుంటూ తనే తాగేశాడు. ఇది మధ్యాహ్నం గ్లాసు.

గ్లాసు పెట్టినవాడు ఇసక బస్తాల మీద తుండు పరుచుకుని హాయిగా గురక పెడుతున్నాడు. పనివాళ్లు అన్నాలు తిని గేటు బయట ఎండలో బీడీలు కాల్చుకుంటున్నారు. రేకుల కప్పుకి చిల్లులున్న చోటల్లా ఎండ సన్నని కడ్డీలుగా దిగింది, వాటిలో ఇసక దుమ్ము పైకీ కిందికీ తిరుగుతోంది, తొందరేమీ లేనట్టు. అందులో ఒక కడ్డీ మడత మంచం మీద పడుకున్న ప్రవీణ్‌కుమార్ మోకాలి మీద పడింది. కళ్లు మూసుకునే ఉన్నాడు. నిద్రపోతున్నాడో లేదో వాసవికి తెలియదు. అదివరకు తెలిసేది. ఊపిరిని బట్టి తెలిసేది, ముఖాన్ని బట్టి తెలిసేది. పక్షవాతం వచ్చి ముఖం ఒక పక్కకి జారినప్పటి నుంచి, మాట పోయి ముక్కలు ముక్కలుగా తిరిగి వచ్చినప్పటి నుంచి, మొగుడి ముఖం ఆమెకి కొత్త ఊళ్లో వీధిలా అయిపోయింది. పేర్లు చదువుకుంటూ నడవాలి. ఈ హిందీ ఊళ్లో అందరూ లక్వా అంటారు దాన్ని. లక్వా మార్ గయా దీదీ, అని కూరగాయల బండివాడు కూడా జాలిపడ్డాడు. ఆ జాలి మోయలేక ఆమె కొన్నాళ్లు కూరలు వేరే చోట కొన్నది.

బాక్సులో ఉన్నది ఒక సిలిండరు బ్లాకు. నూరేళ్లు దాటిన ఫ్రెంచి రేసు కారుది. పైకి ఇనపదిమ్మ, లోపల అంతా ఖాళీ, ఆ ఖాళీల చుట్టూ నీళ్లు తిరగడానికి ఇంకా ఖాళీ. ఇనుములో ఖాళీ ఎలా చేస్తారని పెళ్లయిన కొత్తలో ఆమె అడిగితే ప్రవీణ్ నవ్వాడు. ముందు ఆ ఖాళీనే ఇసకతో బొమ్మగా చేస్తారు, దాన్ని కోరు అంటారు. అవిసె నూనె, బెల్లపు మడ్డి కలిపి పిసికి, పెట్టెలో కూరి, ఓవెన్లో కాలిస్తే గట్టిపడుతుంది. దాని చుట్టూ ఇనుము పోస్తారు. ఆ తర్వాత దాన్ని పొడి చేసి రాల్చేస్తారు. అంత కష్టపడి చేసినదాన్ని పొడి చేస్తారా అని ఆమె నొచ్చుకుంది. అదే మా ఉద్యోగం, చేసింది కనబడకపోవడమే అన్నాడు. కోరు కాల్చిన రోజు అతని చొక్కా బెల్లం పాకం వాసన కొట్టేది, అరిసెలు వండిన ఇంట్లోంచి వచ్చినట్టు. అతను కోరు చేస్తే రాయపూర్ నుంచి కూడా మనుషులు వచ్చి చూసేవారు. నీళ్ల ఖాళీ వచ్చేచోట, ఎవరూ చూడని మూల, బొటనవేలి గోరు నొక్కి వదిలేవాడు. ఇనుములో అది చిన్న నెలవంకలా ఉబ్బి వస్తుంది. లైటు వేసి లోపలికి తొంగి చూస్తేనే కనిపిస్తుంది. అది అతని సంతకం. ఆ కుడిచెయ్యి ఇప్పుడు ఒళ్లో పడుకుని ఉంది, ఎవరిదో వస్తువు దాచిపెట్టమని ఇచ్చినట్టు.

ఈ కారు గొడవ తెచ్చింది త్రినాథరావు గారు. బొబ్బిలి వైపు మనిషి, రైల్వేలో చేసి నాగ్‌పూర్‌లోనే స్థిరపడ్డాడు, పాత కార్లు వెతికి బాగుచేయించడం ఆయన పిచ్చి. అడవి పక్క ఒక జమీందారు గారి గుర్రాలశాలలో, గడ్డివాము కింద, కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న స్థితిలో దొరికిందట ఆ కారు. పగిలిన బ్లాకుని పాత దుప్పటిలో చుట్టుకుని తనే రైలెక్కి తెచ్చాడు, బిడ్డని ఆసుపత్రికి తెచ్చినట్టు. మాట పోయిన ప్రవీణ్ ఎడమచెయ్యి చాచి ఆ దుప్పటి విప్పడం వాసవి చూసింది. అన్ని నెలల్లో ఒకదానికోసం చెయ్యి చాచడం అదే మొదటిసారి. అప్పటికి అన్నం గిన్నె కోసం కూడా చాచేవాడు కాదు, పెడితే తినేవాడు. డాక్టరు చేతికి పని చెప్పండి అన్నాడు, రబ్బరు బంతి ఇచ్చాడు. బంతి మంచం కిందికి దొర్లిపోయింది. ఈ బ్లాకుని మాత్రం అతను ఒళ్లో పెట్టుకున్నంత పని చేశాడు. ఆ పూటే ఆమె ఒప్పేసుకుంది, చేస్తాం సార్ అని. దాలయ్య వద్దు వద్దని వెనకనుంచి చేతులు ఊపుతూనే ఉన్నాడు.

సాయంత్రాలు రుఆబాంధా ఇంట్లో ఆమె వంట చేస్తుంటే త్రినాథరావు గారి ఫోను వచ్చేది. ఇనుము సంగతి రెండు మాటలే, ఆ తర్వాతంతా ఆ కారు నడిపినవాడి సంగతి. జూల్ బులియే. ఫోను స్పీకరులో పెట్టి పోపు వేసేది. పేరు మొదటిసారి విన్న దాలయ్య, బుల్లయ్యా, మనోడేనా, అన్నాడు. అప్పటినుంచి ఇంట్లో అందరికీ బుల్లయ్యే. చదువుకుంటున్న కూతురు బిందుప్రియ కూడా, పాపా, బుల్లయ్య అంకుల్ కా ఫోన్ ఆయా క్యా, అని అడిగేది. బుల్లయ్య వాళ్ల నాన్న రేకు డబ్బాలకి మాట్లు వేసేవాడట. ఇల్లంతా రేకు వాసన. కొడుకు ముందు సైకిలు తొక్కాడు, తర్వాత సైకిలుకి ఇంజను కట్టుకున్నాడు, ఆ తర్వాత ఇంజనుకే నాలుగు చక్రాలు కట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజుల్లో రేసంటే మైదానం కాదు, ఊళ్ల మధ్య రోడ్లే. తెల్లారగట్ల ఒక్కొక్క బండినీ వదిలేవారు. కుక్కలు, కోళ్లు, పాలబిందెలు, చూడ్డానికి వచ్చి రోడ్డుకి అడ్డంగా నిలబడే జనం. సున్నంలాంటి తెల్లదుమ్ము. ముందుబండి లేపిన దుమ్ములో వెనకవాడికి రోడ్డు కనిపించదు, అందుకని బుల్లయ్య రోడ్డు చూసేవాడే కాదట. తల పైకెత్తి, రోడ్డుకి అటూ ఇటూ నాటిన చెట్ల తలలు చూసేవాడు. ఆకాశంలో చెట్లు ఎటు వంగితే కింద రోడ్డు కూడా అటే వంగుతుంది కదా.

చెట్ల తలలు. వాసవి కళ్లు కూడా పైకి లేచాయి, రేకుల చిల్లుల వైపు. సెక్టర్ 2 లో వాళ్ల నాన్న ప్లాంటు క్వార్టరు డాబా మీదనుంచి చూస్తే చెట్ల తలలే కనిపించేవి, వాటి వెనక ప్లాంటు చిమ్నీలు. రాత్రిళ్లు కొలిమిలోంచి తీసిన మండే మడ్డి పారబోస్తే ఆకాశం అంతా ఎర్రబడేది, చిన్నప్పుడు అది రోజుకి రెండోసారి పొద్దుగుంకడం అనుకునేది. పెళ్లయిన శీతాకాలం, పొగమంచు, దుర్గ్‌లో ఎవరింట్లోనో భోజనానికి వెళ్లి వస్తున్నారు. ప్రవీణ్ మారుతీ వ్యాను. ముందు గజం దూరం కూడా కనిపించడం లేదు. ఆమె భయంతో డాష్‌బోర్డు పట్టుకుంది. అతను మాత్రం సీట్లో కిందికి జారి, అద్దంలోంచి పైకి చూస్తూ నడుపుతున్నాడు. చిమ్నీల నెత్తిన ఎర్రదీపాలు. అవి ఎడమకి వస్తే మనం ఇంటివైపు తిరిగినట్టు, అంతే, అన్నాడు. ఎంత ధీమా ఆ మనిషికి! బండి అతని చేతిలో ఉంటే రోడ్డు వచ్చి చక్రాల కింద పడుకునేది. ఆమె పని పక్కన కూర్చుని ఆవు, ఆవు, అని అరవడం. పిచ్చిమొద్దూ, ఆవు నన్ను చూసింది, అనేవాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ఒక్కసారి కూడా స్టీరింగు ముట్టుకోలేదు. ముట్టుకోవాలని అనిపించలేదు కూడా. పక్క సీటు చాలా బాగుండేది. కిటికీ, గాలి, అతని మోచెయ్యి.

ఆవిరి తగ్గిందా? లేదు, ఎండ పక్కకి జరిగింది, అందుకని కనిపించడం లేదు. ఆమె వేలు చాచింది. గ్లాసు ఇంకా వెచ్చగానే ఉంది.

బుల్లయ్యకీ పక్క సీట్లో ఒక మనిషి ఉండేవాడు. ఆ రోజుల్లో డ్రైవరు ఒక్కడే వెళ్లడం లేదట, పక్కన మెకానిక్కు కూర్చోవాలి. రెమీ అతని పేరు. దారిపొడుగునా చేత్తో నూనె పంపు కొట్టడం, టైరు పేలితే కత్తితో కోసి పడేసి కొత్తది ఎక్కించడం, వెనక్కి తిరిగి ఎవరైనా వస్తున్నారేమో చూడడం అతని పని. గెలిచి కప్పు వస్తే డ్రైవరుకి, దెబ్బ తగిలితే ఇద్దరికీ. ఇంజను మోతలో మాట వినపడదు. అందుకని భుజం మీద తట్టేవాడు. ఒకసారి తడితే దారి ఖాళీగా ఉంది, పొమ్మని. రెండుసార్లు తడితే ఆగమని, ఎవరో వస్తున్నారని. త్రినాథరావు గారు ఈ సంగతి చెప్పిన సాయంత్రం వాసవి బెండకాయలు తరుగుతోంది. ఫోను పెట్టేశాక అన్నం కలిపి ప్రవీణ్ ముందు పెట్టి, ఇంకొంచెం పెరుగు వేయనా అని అడిగింది. అలాంటి ప్రశ్నలకి అతను గొంతులో మాట వెతుక్కుంటూ ఎర్రబడిపోయేవాడు, మాట దొరికేలోగా ఆమే వేసేసేది. ఆ రోజు అతను ఎడమచెయ్యి ఎత్తి ఆమె మోకాలి మీద రెండుసార్లు తట్టాడు. వద్దని. ఆమె వంటింట్లోకి వెళ్లి కుళాయి విప్పి, నీళ్ల చప్పుడులో ఏడ్చింది. ఆ రోజు నుంచి ఇంట్లో మాటలు వచ్చాయి. ఒకటి, రెండు. సంసారానికి అంతకంటే ఎన్ని మాటలు కావాలి.

తర్వాత ఆమె వ్యాను నేర్చుకుంది. గేరు పడక గేటు గుద్దింది, గేదెని చూసి బ్రేకు తొక్కడం మాని హారను నొక్కింది. పక్క సీట్లో ప్రవీణ్. ఇప్పుడు ఆవు, ఆవు అనడానికి అతనికి మాట లేదు. ఆ కాలంలో ఫ్రెంచి రేసు బళ్లకి కూడా మనలాగే కుడిపక్కనే స్టీరింగు ఉండేదట. పక్కవాడు ఎడమన. అతనికి పని చేసేది ఆ ఎడమచెయ్యే, ఆమె భుజం దాకా అది రావాలంటే ఒళ్లంతా తిప్పి, చచ్చుబడిన చేతి మీదుగా చాచాలి. కష్టమే. అయినా ప్రతి మలుపు దగ్గరా చాచేవాడు.

ఒక్క ఫోటోయే ఉంది బుల్లయ్యది. త్రినాథరావు గారు పంపితే బిందుప్రియ ప్రింటు తీయించింది, కోర్ ఓవెన్ పైన గోడకి అంటించి ఉంది. ఇద్దరు మనుషులు, నెత్తినుంచి కాళ్లదాకా దుమ్ము. కళ్లద్దాలు తీసిన చోట రెండేసి తెల్లని గుండ్రాలు. పళ్లు కనిపిస్తున్నాయి గనక నవ్వుతున్నారనుకోవాలి. ఎవరు బుల్లయ్యో ఎవరు రెమీయో పోల్చడం కష్టం, చక్రం ఎవరి ముందుందో చూసుకోవాలి. ఆ ఫోటో తీసిన మరుసటి రేసులోనే ఒక కుక్క అడ్డం వచ్చింది. బండి తిరగబడింది. బుల్లయ్య గడ్డిలో పడ్డాడు, ఒంటి మీద గీత లేదు. బండి రెమీ మీద పడింది. బతికాడు గానీ ఒక చెయ్యి నలిగి పనికిరాకుండా పోయింది, చెవులు కూడా పోయాయి. కంపెనీవాళ్లు కొత్త బండి తయారుచేసి – ఇదిగో, ఈ బండే, ఈ బ్లాకే – కొత్త మెకానిక్కుని చూసి పెట్టారు. కుర్రవాడు, చురుకైనవాడు, టైరు అరనిమిషంలో మారుస్తాడు. బుల్లయ్య ఆ కుర్రవాడికి నమస్కారం పెట్టి, రెమీ ఎక్కితే నేను ఎక్కుతాను, లేకపోతే మీ బండి మీరే నడుపుకోండి, అన్నాడట. పిచ్చివాడా అన్నారు. ఒంటిచేతివాడు, చెవిటివాడు. దానికి బుల్లయ్య, చెవులున్నప్పుడు మాత్రం మేం మాట్లాడుకున్నామా, అన్నాడట.

ఇక్కడికి వచ్చేసరికి వాసవి మనసు వెనక్కి తగ్గుతుంది, చీకటి గదిలోకి అడుగు పెట్టబోయి ఆగినట్టు. ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగినా మళ్లీ ఇక్కడికే వస్తోంది పొద్దున్నుంచి. మొదటి బ్లాకు పోసినప్పుడు ప్రవీణ్ ఎడమచేత్తో చేసిన కోరు ఒక పక్కకి ఒరిగింది, గోడ తమలపాకంత పలచన వచ్చింది. రెండోది సరిగ్గా ఆరలేదు, లోపల బుడగలు. ఆ రెండోది తెరిచిన రోజు అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి మళ్లీ పెడితేనే తినడం. తట్టడం మానేశాడు, ఒకటీ లేదు, రెండూ లేదు. త్రినాథరావు గారు ఇంకోసారి చూడండమ్మా, లేకపోతే కోయంబత్తూరు ఫౌండ్రీకి తీసుకెళతాను అన్నాడు. ఆయన్ని అనడానికి ఏముంది. ఆమెకి కోయంబత్తూరు గురించి భయం లేదు. ఇంకోసారి పగిలితే ఈ మనిషి ఇంక గోడవైపునుంచి ఇటు తిరగడని భయం. అందుకని ఈ షెడ్డులోనే, ఇదే మంచం పక్కన, అతను నిద్రపోతున్నాడు కదా అనుకుని, దాలయ్యని పిలిచి చెప్పింది. చిన్నాన్నా, ఆయన చేసేది చేయనీ. నువ్వు ఇంకో కోరు చేసి ఉంచు. బాక్సు మూసేటప్పుడు నీది పెట్టేసేయి. ఆయనకి చెప్పొద్దు. దాలయ్య చాలాసేపు తల గోక్కున్నాడు. ఆ తర్వాత, అలగే, అన్నాడు.

మర్నాడు ప్రవీణ్ తనంతట తను లేచి కోరు బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎవరూ చెప్పలేదు. ఇసక పిసికాడు, పారబోశాడు, మళ్లీ పిసికాడు. చచ్చుబడిన చేతిని బరువులా పెట్టె మీద ఆనించి ఎడమచేత్తో కూరాడు. ఓవెన్లోంచి తీశాక దాన్ని నునుపు చేస్తూ పూటలకు పూటలు కూర్చున్నాడు, చంటిపిల్ల చెవులు కడిగినట్టు ప్రతి మలుపూ వేలితో తుడిచాడు. అది చూడలేక ఆమె ఆఫీసు గదిలోకి వెళ్లి కూర్చునేది. పారేయబోయేదాన్ని అంత ముద్దు చేస్తున్నాడే అని. చెప్పేద్దామని రెండుసార్లు దగ్గరికి వెళ్లింది, మంచినీళ్లు ఇచ్చి వచ్చేసింది. నిన్న పోతప్పుడు అతను షెడ్డు గుమ్మంలో నిలబడి, ఎర్రటి ఇనుము బాక్సులోకి దిగుతుంటే తన కోరు చుట్టూనే దిగుతోందని చూస్తున్నాడు. వెలుగు ముఖం మీద పడి జారిన పక్క కూడా సరిగ్గా ఉన్నట్టు కనిపించింది. ఇప్పుడు బ్లాకు బాగా వస్తే ఆ సంతోషం దొంగసొత్తు. పగిలితే తనది కాని తప్పుకి ఈ మనిషి మళ్లీ గోడవైపు తిరుగుతాడు. ఏది జరిగినా ఆమె చేతిలో ఇంకేం లేదు, టీ చల్లారేదాకా చూడడం తప్ప. బుల్లయ్య అయితే ఇలా చేసేవాడా. నేను కొత్త కుర్రవాడిని ఎక్కించుకున్నాను, పాతవాడికి చెప్పకుండా, అతను ఎక్కాననుకుని రోడ్డు పక్కన నిలబడి చెయ్యి ఊపుతుండగా, అనుకుంది.

పోనీ బుల్లయ్య గెలిచాడా అంటే అదీ లేదు. సగం దూరం దాకా అందరికంటే ముందున్నాడట. పెద్ద రేసు, వేసవి, రోడ్డు మీద తారు కరిగి కళ్లలోకి చిమ్ముతోంది. టైరు పేలింది. నియమం ప్రకారం వాళ్లిద్దరే మార్చాలి, ఇంకెవరూ చెయ్యి వేయకూడదు. ఇద్దరికీ కలిపి మూడు చేతులు. అలా మూడు చేతులతో మారుస్తూ ఉంటే బళ్లు ఒకటొకటే దాటిపోయాయి. ఏడోవాడుగా వచ్చాడు. ఏడోవాడిని ఎవడు గుర్తుపెట్టుకుంటాడు, కంపెనీ ఇంక బండి ఇవ్వలేదు, పత్రికలు పేరు రాయడం మానేశాయి. ఆ బండిని ఏ రాజాగారికో అమ్మేశారు, సముద్రం దాటి వచ్చి చివరికి కోళ్ల పాలైంది. మరి ఆయన? వాసవి గరిటె పట్టుకుని అడిగింది. కొండల్లో బస్సు నడిపాడమ్మా, అన్నాడు త్రినాథరావు గారు. ముసలివాడయ్యేదాకా. రెమీ కండక్టరు. బస్సు నెమ్మదిగా నడుపుతాడని ప్యాసింజర్లు ఫిర్యాదు చేసేవారట. అది విని ప్రవీణ్ నవ్వాడు. సరిగ్గా నవ్వు కాదు, గొంతులో ఏదో కదిలింది. ఆమె కూడా నవ్వింది. కొండ రోడ్డు, మంచు, కిటికీల్లో శాలువాలు కప్పుకున్న ముసలమ్మలు, సంచుల్లో కోడిపిల్లలు, చెవిటి కండక్టరు వెనక్కి చూసి డ్రైవరు భుజం మీద ఒక్కసారి తడతాడు, బస్సు కదులుతుంది, మలుపు తిరుగుతుంది, ఇంకో మలుపు. ఆ బస్సులో ఆమె ఎన్ని రాత్రులు ఎక్కిందో. ఎక్కితే ఎప్పుడూ కిటికీ పక్కనే సీటు దొరికేది, దిగవలసిన ఊరు ఎప్పటికీ వచ్చేది కాదు.

"సల్లారిపోనాది."

దాలయ్య గొంతు. ఎప్పుడు లేచాడో, తుండు దులిపి భుజాన వేసుకుని, గ్లాసు నోట్లో వంపుకుని ముఖం చిట్లించుకున్నాడు. పనివాళ్లు లోపలికి వచ్చారు. గొలుసు బిగించి పై బాక్సు ఎత్తారు. నల్లగా కాలిన ఇసక చెక్కలు చెక్కలుగా విడిపోయింది, వెచ్చని గాలి ఒకటి లేచింది, అందులో మాడిన బెల్లం వాసన. వాసవి వెనక్కి తిరిగి చూసింది. మంచం ఖాళీగా ఉంది. ప్రవీణ్ గోడ పట్టుకుని నడిచి వచ్చి ఆమె పక్కనే నిలబడ్డాడు. దాలయ్య బ్లాకుని పక్కకి దొర్లించి కడ్డీతో లోపల పొడిచాడు. కోరు పొడిపొడిగా రాలిపోయింది, గుప్పెళ్లు గుప్పెళ్లుగా, ఉట్టి ఇసక. అది ఎవరి కోరో ఇసక చెప్పదు. ఆ తర్వాత సుత్తి ప్రవీణ్ చేతికిచ్చాడు. ప్రవీణ్ ఎడమచేత్తో సుత్తి ఎత్తి బ్లాకు అంచు మీద తట్టాడు, ఒక్కసారి. పగుళ్లుంటే బొంగురు చప్పుడు వస్తుంది. ఇది మోగింది. సన్నగా మొదలై షెడ్డంతా తిరిగి, రేకుల దాకా వెళ్లి, అందరూ వింటుంటే నెమ్మదిగా దూరమైంది. పనివాళ్లలో ఎవరో, బఢియా, అన్నారు.

వాసవి ముఖం ఎవరికీ చూపించలేక వంగింది. ఏదో ఒకటి చేయాలని ఫోను లైటు వేసి నీళ్ల ఖాళీలోకి తొంగి చూసింది. గోడలు సమంగా ఉన్నాయి. మూలకి లైటు తిప్పింది. అక్కడ చిన్న నెలవంక. ఎప్పుడూ కుడివైపు వంగి ఉండేది, ఇది ఎడమవైపు వంగి ఉంది. ఎడమ బొటనవేలు. లేచి దాలయ్య చెయ్యి పట్టుకుని షెడ్డు బయటికి లాక్కుపోయింది. అడక్కముందే ఆయనే చెప్పాడు.

"నాది ఎడదామనే ఒచ్చేనమ్మా. నువ్వు సెప్పినట్టే సేసీసి ఉంచేను కూడాను. రెండూ పక్కపక్కన ఎట్టి సూసేను. అల్లుడిదే బాగుంది. బాగున్నది మానీసి బాగోలేంది ఎట్టమంటావేటి?"

అంతే, పెద్ద విషయమేమీ కానట్టు బీడీ వెలిగించుకున్నాడు.

సాయంత్రం ఎండ ఎర్రమట్టి మీద వాలింది. త్రినాథరావు గారికి ఫోను చేసి, రేపు రండి సార్, అని చెప్పింది. ఆయన అటునుంచి ముక్కు చీదుకోవడం వినపడింది. ప్రవీణ్‌ని వ్యాను ఎక్కించి, బెల్టు పెట్టి, ఇటు తిరిగి వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. తాళం తిప్పలేదు. చెప్పకుండా ఉండిపోవచ్చు. ఇప్పుడు ఎవరికీ నష్టం లేదు. కానీ ఈ సీట్లో కూర్చుని, పక్కన ఈ మనిషిని పెట్టుకుని, అది మింగేసి బండి నడపడం ఆమెకి చేతకాలేదు.

"ఏవండీ. మీది తీసేసి చిన్నాన్నది పెట్టమన్నాను. మీకు తెలీకుండా."

అతను ముందుకే చూస్తున్నాడు. పెదవి కదిలింది, ఆగింది. మాట కోసం వెతుకుతున్నాడు. ఆమె తొందరపడి అందించలేదు, ఈసారి ఎంతసేపైనా ఉండనిచ్చింది. రోడ్డు మీద ఇనపకడ్డీల లారీలు గలగలమంటూ పోతున్నాయి.

"వి... విన్నాను."

ఆ రోజు మంచం మీద కళ్లు మూసుకుని అతను అంతా విన్నాడు. విని, మర్నాడు లేచి, పారేస్తారని తెలిసి, ఆ కోరు చేశాడు. పూటలకు పూటలు తుడిచాడు. గోరు నొక్కాడు. వాసవికి ఏడుపు తన్నుకొచ్చింది, సిగ్గు వచ్చింది, వాటి కిందనుంచి చెప్పరాని ఒక గర్వం కూడా వచ్చింది, ఈ మనిషి పక్కన ఇన్నేళ్లు కూర్చున్నానని. కొంగుతో ముఖం తుడుచుకుని తాళం తిప్పింది. గేటు దాటి మెయిన్ రోడ్డు దగ్గర ఆపింది. ఎడమపక్క ఒక ట్రాలీ అడ్డంగా నిలబెట్టి ఉంది, ఆమెకి అటు ఏమీ కనపడదు. దూరంగా చెట్ల తలల మీదుగా చిమ్నీలు, వాటి మీద అప్పుడే వెలిగిన ఎర్రదీపాలు. కోపంగా ఉన్నాడో లేదో ఆ ముఖం చూస్తే ఆమెకి తెలియలేదు. అడగడానికి ధైర్యం చాలక అలాగే కాలు క్లచ్ మీద పెట్టి కూర్చుంది.

ప్రవీణ్ కిటికీలోంచి తల బయటికి పెట్టి ఎడమవైపు చూశాడు. ఒక లారీ పోయేదాకా చూశాడు. ఆ తర్వాత ఒళ్లంతా ఇటు తిప్పి, ఒళ్లో పడుకున్న కుడిచేతి మీదుగా ఎడమచెయ్యి చాచి, ఆమె భుజం మీద తట్టాడు. ఒక్కసారే.

వాసవి గేరు వేసింది.